మిర్కాబ్‌లో ఇటాలియన్ సారు

మొన్న మధ్యాహ్నం మా క్లినిక్ కౌంటర్ దగ్గరికి ఒక తల్లీ కూతురూ వచ్చి నిలబడ్డారు. పన్ను నొప్పేమో అనుకుని పేరు అడగబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడెక్కడో ఇటాలియన్ నేర్పుతారటండీ. మా అమ్మాయికి ఇటలీలో యూనివర్సిటీ సీటొచ్చింది. మీరు తెలుగువాళ్లని కింద వాచ్‌మన్ చెప్పాడు, అందుకని అడుగుతున్నాను."

"వెనక సందులో ఉండేదండీ. ఇప్పుడు లేదు."

"సారు వేరే చోటికి మారిపోయారా?" అని అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి చేతిలో ఫోను, ఫోనులో ఏవో క్రియాపదాల పట్టిక.

"సారు చనిపోయారమ్మా" అన్నాను.

ఇద్దరూ అయ్యో అన్నారు. చూడని మనిషి కోసం ఎంతసేపు అయ్యో అంటారు? ఆన్‌లైన్‌లో మంచి క్లాసులేవైనా తెలుసా అని అడిగి, నేను రెండు మూడు చెబితే రాసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత సాయంత్రం దాకా పేషెంట్ల పేర్లు తప్పుగా పిలుస్తూనే ఉన్నాను.

సారు రాయచోటి దగ్గరి పల్లెవారు. సన్నటి మనిషి, నడిచేటప్పుడు ఎప్పుడూ కాస్త ముందుకు వంగి, ఎదురుగాలిలో పోతున్నట్టుగా నడిచేవారు. పగలు ఇక్కడే, కువైట్ సిటీ మిర్కాబ్‌లో, ఒక టైపింగ్ సెంటర్‌లో పని. ఇఖామా, అంటే నివాస పర్మిట్, రెన్యూవల్ ఫారాలు, వీసా ఫారాలు అరబ్బీలో టైపు చేసిచ్చే చిన్న గది అది. సాయంత్రం సెంటర్ మూసేశాకా, శుక్రవారం ఉదయాలూ అదే గదిలో, అవే ప్లాస్టిక్ కుర్చీల్లో మాకు ఇటాలియన్ చెప్పేవారు. బోర్డు లేదు. లైసెన్సు కాగితం లేదు. ఒకరి నోటి నుంచి ఒకరికి తెలిసి వచ్చేవాళ్లం.

మేమంతా దాదాపు కువైట్‌లో పుట్టి పెరిగిన పరదేశీ పిల్లలం. మా అమ్మ నర్సు. నా పక్కన కూర్చునే మలయాళీ అమ్మాయి తల్లీ నర్సే. ఒక ఈజిప్టు అబ్బాయి, ఒక సిరియా అమ్మాయి ఉండేవాళ్లు. అమ్మానాన్నల ఇఖామా మీద ఉన్నంతకాలం మేం ఇక్కడివాళ్లం. అలా ఉండనిచ్చే వయసు దాటితే ఎక్కడివాళ్లమో ఎవరికీ తెలియదు. ఇటలీలో బయటి దేశాల పిల్లలకి ఫీజు తక్కువని, స్కాలర్‌షిప్పులు ఉన్నాయని తెలిసి అందరం ఆ దారి పట్టాం.

మొదటి రోజు నేను అడిగాను. "పాఠాలు ఇంగ్లీషులోనే చెప్తారంట కదా సార్. మరి ఇటాలియన్ అంత అవసరమంటారా?"

"పాఠాలు ఇంగ్లీషులోనే చెప్తారు పాపా. అద్దె గది ఇంగ్లీషులో దొరకదు. జ్వరమొస్తే మందుల షాపువాడు ఇంగ్లీషులో ఇవ్వడు."

ఆయన అసలు లక్ష్యం వేరే ఉండేది. ఇటలీలో చేరగానే యూనివర్సిటీవాళ్లు విదేశీ విద్యార్థులకి భాషా కోర్సు పెడతారని, అందులో ఎవరిని ఏ గదిలో కూర్చోబెట్టాలో తేల్చడానికి ముందుగా ఒక పరీక్ష ఉంటుందని చెప్పేవారు. "ఏమీ రానోళ్లందరినీ ఒక గదిలో వేస్తారు. ఆ గదిలో పడితే చలికాలమంతా పేర్లు చెప్పుకోవడంతోనే అయిపోతాది. నేను మిమ్మల్ని నేరుగా పక్క గదికి పంపిస్తా." ఎవరైనా అక్కడికి వెళ్లి ఫోన్ చేస్తే ఆయన అడిగే మొదటి మాట, "ఏ గది?"

ఏసీ ఎంత తగ్గుతుందో అంత తగ్గించి పెట్టేవారు. బయట జూలై ఎండకి కార్ల డోర్లు ముట్టుకోలేకపోతుంటే, లోపల మేం చున్నీలు చెవులకి చుట్టుకుని వణికేవాళ్లం. ఆయన మాత్రం మోచేతుల దగ్గర పలచబడిన బూడిద రంగు స్వెట్టర్ వేసుకుని నింపాదిగా కూర్చునేవారు. "అలవాటు చేసుకోండి. ఆడ చలి మీకోసం ఆగదు" అనేవారు. ఈజిప్టు అబ్బాయి ఒకసారి రిమోట్ దాచేస్తే, ఆయన గోడ దగ్గర స్టూలు వేసుకుని ఎక్కి మరీ బటన్ నొక్కారు.

తెలుగుని ఇటాలియన్‌తో పోల్చే పాత పొగడ్త ఒకటి ఉంది కదా, అది ఎత్తితే ఆయనకి ఒళ్లు మండేది. "ఎవరో ఎప్పుడో ఒక మాట అంటే తరతరాలుగా దాన్ని చెప్పుకుంటానే ఉన్నాం. ఇటలీలో ఒక్కనికన్నా ఆ సంగతి తెలుసా? నాకైతే ఎవరూ చెప్పలేదు." కానీ నేను ఒత్తులు సరిగ్గా పలికినప్పుడు మాత్రం మలయాళీ అమ్మాయి వైపు తిరిగి, "చూడు, అమ్మ, అక్క, అత్త అని పెరిగిన పిల్ల" అనేవారు. ఆ అమ్మాయి "మాకూ అమ్మ ఉంది సార్" అంటే అందరం నవ్వేవాళ్లం. ఆయన కూడా నవ్వేవారు, కానీ చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలేవి.

అన్నిటికంటే ఎక్కువగా ఆయన ఆడించిన ఆట ఒకటుంది. అందులో ఆయన ఇటలీ పోలీసు ఆఫీసులో విదేశీయుల పర్మిట్లు చూసే గుమాస్తా. మేం ఒక్కొక్కరం కౌంటర్ ముందుకు రావాలి. తల ఎత్తేవారు కాదు. ఎవరో ఫోన్ చేసినట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మాట్లాడేవారు. మేం ఏదైనా తడబడితే, చూపు కాగితం మీదే ఉంచి "దొమానీ" అనేవారు. రేపు రమ్మని. అరబ్బీలో "బుక్రా" విని విని పెరిగిన పిల్లలం. కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు. "నోరు తెరవండి. తప్పు మాట్లాడండి, పర్వాలేదు. ఊరకే మాత్రం నిలబడద్దండి" అని గట్టిగా అనేవారు. ఆ ఒక్కచోట ఆయన గొంతులో నిజంగా కోపం ఉండేది. ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

ఆయన కుర్రతనంలో ఇటలీలో చదువుకున్నారని తెలుసు. ఎందుకు వచ్చేశారంటే ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో కారణం చెప్పారు. చలి పడలేదన్నారు. అమ్మకి బాగోలేదన్నారు. మాకు చెప్పింది, తిండి సరిపడలేదని.

శుక్రవారం క్లాసు అయ్యేవేళకి ఆయన భార్య వచ్చేది. ఆమె ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో వంటా పిల్లల పనీ చేసేది. ఉండటం కూడా ఆ ఇంట్లోనే. సారు అబ్బాసియాలో నలుగురైదుగురు మగవాళ్లతో కలిసి ఒక బ్యాచిలర్ రూములో ఉండేవారు. ఒకే ఊళ్లో ఉన్న మొగుడూ పెళ్లాం వారానికి ఒక పూట, అదీ ఆ ఇంటి యజమానురాలు, ఆమె మామా అని పిలిచే ఆవిడ, సెలవిస్తే, కలిసేవాళ్లు. ఆమె నల్ల అబాయాలో, చేతిలో అన్నం గిన్నెల సంచితో తలుపు బయట వరండా కుర్చీలో కూర్చునేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

నేను ఒకసారి "మేడమ్, రండి, చల్లగా ఉంటుంది" అని పిలిచాను.

"మేడమ్ ఏంది పాపా, నేను ఇంట్లో పని చేసేదాన్ని. అక్కా అను. ఆ బాస ఉండే గదిలోకి నేను రాను. అదేమన్నా మాకు కూడు పెట్టిందా? ఈయప్ప వయసంతా మింగింది."

లోపలి నుంచి సారు "ఇంక ఆపు" అన్నారు, మెల్లగా. ఆమె ఆపింది. ఇద్దరూ అబ్బాసియా బస్సు ఎక్కడానికి పోతుంటే చూసేదాన్ని. ఆయన ముందు, ఆమె వెనక. సంచి మాత్రం ఆయన చేతికి మారేది.

నాకు సీటు వచ్చింది. కెమెరా ముందు యూనివర్సిటీవాళ్లు అడిగిన ప్రశ్నలకి ఇటాలియన్‌లో జవాబులు చెప్పాను కూడా. ఆ రోజు సారు క్లాసుకంతా బక్లావా మిఠాయి తెప్పించారు. వీసా మాత్రం రాలేదు. ఒక పేరా ఉన్న కాగితం చేతికిచ్చి పంపేశారు. నేను ఏడుస్తూ ఇంటికి పోకుండా టైపింగ్ సెంటర్‌కి పోయాను.

ఆయన ఎవరిదో ఫారం టైపు చేస్తున్నారు. అది పూర్తి చేసి ఇచ్చి పంపి, ఏసీ కట్టేశారు. ఏసీ ఆయన చేతులతో కట్టెయ్యడం చూసింది అప్పుడే. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఓదార్చలేదు.

"నాకు తిండి సరిపడకపోవడమేమీ లేదు పాపా" అన్నారు. "ఆడ పరీక్షలన్నీ నోటితోనే. మనిషి ఎదురుగా కూర్చోని అడుగుతాడు, మనం చెప్పాల. నాకు ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. నోరు తెరుచుకోలేదు. ఆ ప్రొఫెసరు మంచివాడే. కాసేపు కిటికీలోంచి బయటికి చూసినాడు, నాకు సిగ్గు కాకుండా. ఇంకోసారి రా అన్నాడు. పోయినా. మళ్లా అంతే. మళ్లా పోయినా. ఊరికి వచ్చి ఏమని చెప్పేది? మాటలు రాక వచ్చినా అని చెప్తే నవ్వరా? అందుకే చలి అని చెప్పినా."

నేను కళ్లు తుడుచుకున్నాను.

"నీకు నోరు తెరుచుకుంది. వీసా వాళ్లది, నోరు నీది. వచ్చే ఏడు మళ్లా రాయి."

వచ్చే ఏడు రాయలేదు. నాన్న పని పోయింది, నా ఇఖామా గడువు దగ్గర పడింది, ఏదో ఒక ఉద్యోగం మీదకి మారకపోతే దేశం వదలాల్సిన పరిస్థితి. ఈ డెంటల్ క్లినిక్‌లో కౌంటర్ మీద చేరాను. కిటికీలోంచి చూస్తే వెనక సందులో సారు క్లాసు కనపడేది. శుక్రవారాలు ఖాళీ దొరికితే పోయి కొత్తవాళ్ల ముందు గుమాస్తా వేషం నేనే వేసేదాన్ని.

పోయినేడాది ఒక సాయంత్రం తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"పాపా, నువ్వు ఆ క్లాసు పాపవే గదా? ఈయప్ప పనికాడ పడిపోయినాడు. ఆస్పత్రిలో ఉండాము. ఏదో మాట్లాడతాండాడు, ఎవురికీ అర్థం కావడంల్యా. అరబ్బీ కాదంట, ఇంగ్లీషూ కాదంట. ఒకసారి రా పాపా."

వార్డులోకి పోయేసరికి మంచం తల భాగం ఎత్తి ఆయన్ని కూర్చోబెట్టి ఉంచారు. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. నన్ను చూడగానే కళ్లు పెద్దవి చేసి, స్పష్టంగా, ఒక్క అక్షరం జారకుండా అన్నారు. "ఇల్ త్రేనో పార్తె దల్ బినారియో క్వాత్రో."

రైలు నాలుగో ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరుతుంది. మా మొదటి నెల పాఠం అది.

ఈజిప్టు డాక్టర్ నన్ను పక్కకి పిలిచి వివరించాడు. మెదడులో ఎడమవైపు స్ట్రోక్ వచ్చింది. తల్లి దగ్గర నేర్చుకున్న భాష పోయి, పెద్దయ్యాక కష్టపడి నేర్చుకున్నది మిగలడం ఎప్పుడో గానీ జరగదు, కానీ జరుగుతుంది. మిగిలినది కూడా పూర్తి భాష కాదు, వేలసార్లు పలికి పలికి నోటికి అంటుకుపోయిన వాక్యాలు. అనాలనుకున్నది ఒకటి, బయటికొచ్చేది ఒకటి. ఆయనకి మనుషులు తెలుస్తూనే ఉండొచ్చు. మన మాటలు కొన్ని అర్థమవుతూ ఉండొచ్చు. తెలుగు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

ఇదంతా నేను ఆమెకి తెలుగులో చెప్పాను.  చెప్పడం అయ్యాక ఆమె మంచం దగ్గరికి పోయి, "ఏమప్పా, నేను" అంది.

ఆయన ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నారు. నుదురు ముడి పడింది. పెదాలు ఏదో మాట కోసం వెతుకుతున్నట్టు కదిలాయి. కళ్లల్లో నీళ్లు. అప్పుడు వచ్చిందా మాట. "లా బిబ్లియోతేకా ఎ కియూజా."

"ఏమంటాండాడు పాపా?"

నేను ఆయన కళ్లని చూశాను, ఆమెని చూశాను. "మిమ్మల్ని భయపడొద్దంటున్నారక్కా. అంతా సర్దుకుంటుందంటున్నారు."

ఆమె నమ్మలేదు. "ఇన్నేండ్ల కాపరంలో ఈయప్ప నన్ను బయపడొద్దని ఒకనాడూ చెప్పల్యా. మా ఇద్దర్లో బయపడేది ఎప్పుడూ ఈయప్పే. నిజ్జం చెప్పు."

"లైబ్రరీ మూసేశారు అంటున్నారు."

"లైబ్రరీ యాడుంది?"

"ఎక్కడా లేదక్కా. పాఠంలో వాక్యం అది."

ఆమె తల ఊపింది. "ఇంక ఎప్పుడూ నాకు అబద్దం చెప్పాకు పాపా. లైబ్రరీ అంటే లైబ్రరీ అనే చెప్పు. నాకు ఉన్నిది ఉన్నెట్టు తెల్సాల."

మర్నాటి నుంచి నా డ్యూటీ అయ్యాక రోజూ పోయేదాన్ని. ఆమెకి ఆ ఇంటి మామా సాయంత్రం పూట ఒక గంట ఒప్పుకుంది. డ్రైవర్ తెచ్చి దించి, కింద పార్కింగ్‌లో ఉండేవాడు. ఆ గంటలో సగం ఆమె ఆయనకి ఒళ్లు తుడిచి, తినిపించేది. మిగతా సగం నన్ను అడిగేది.

"నీళ్లు కావాల్నా అని ఎట్ల చెప్పాల?"

"ఆక్వా అంటే చాలక్కా."

"నొప్పి ఉందా అని?"

"తి ఫా మాలె?"

"ఆకలైతాందా?"

"ఆయ్ ఫామె?"

"నేను ఈడనే ఉండా అని?"

"సోనో క్వి."

తలుపు దాటి లోపలికి రానన్న ఆడమనిషి, నీళ్ల సీసా చేతిలో పట్టుకుని, ఇటాలియన్ మాటలు పదే పదే పెదాలతో నమిలేది. అబాయా చేతుల మీద ఇంకా మామా ఇంటి వంట వాసన ఉండేది. నర్సులు ఆగి చూసేవాళ్లు. ఒకామె మా గోదావరివైపు అమ్మాయే, "పాపం, మొగుడు తెల్లోడా?" అని నన్ను అడిగింది.

మాటలు కొన్ని పనిచేశాయి. "ఆక్వా?" అంటే ఆయన కళ్లు మూసి తెరిచేవారు. నొప్పి ఎక్కడో ఎడమ చేత్తో చూపించేవారు. ఆమె ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది. ఆ ధైర్యంతోనే కాబోలు, ఒకరోజు రాగానే మంచం పక్కన నిలబడి, నా వైపు చూడకుండా, గట్టిగా "సోనో క్వి" అంది.

ఆయన ఆమెను పరీక్షగా చూశారు. తర్వాత మర్యాదగా, క్లాసులో కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లని అడిగినట్టు, "కోమె తి కియామి?" అన్నారు.

ఆమె నా వైపు తిరిగింది. నేను చెప్పక తప్పలేదు. "మీ పేరు అడుగుతున్నారక్కా."

"నా పేరా?"

"మరిచిపోయి కాదక్కా. ఇటాలియన్‌లో ఎవరు మాట్లాడినా నోటికి ముందు వచ్చేది అదే. ప్రతి కొత్తవాళ్లనీ అదే అడిగేవారు కదా." నేను చెప్పింది నిజమో కాదో నాకూ తెలియదు. డాక్టర్‌కీ తెలియదు.

"నా పేరు అని ఎట్ల చెప్పాల?"

"మి కియామో."

ఆమె "మి కియామో" అని తన పేరు చెప్పింది, మెల్లగా, పెళ్లిపీటల మీద మొగుడి పేరు చెప్పమంటే చెప్పినంత సిగ్గుగా. ఆయన సగం ముఖంతో నవ్వారు. "పియచేరె" అన్నారు.

"అంటే?"

"పరిచయమైనందుకు సంతోషం అని."

ఆమె స్టూలు మీద కూర్చుంది. "ఇన్నేండ్లకు పరిచయం అయితిమి" అని, అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన చూస్తూ ఉండిపోయారు. ఏదో అనడానికి నోరు కదిపారు. రైలు నాలుగో ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరింది మళ్లీ.

ఆయన కఫీల్, టైపింగ్ సెంటర్ యజమాని, ఒకసారి పళ్ల బుట్టతో వచ్చి చూశాడు. సారు అతనితో ఇటాలియన్‌లో ఏదో అంటే బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. బయటికి వచ్చి రెండు చేతులూ దులుపుకున్నట్టుగా ఊపి, "ఖలాస్" అన్నాడు. చెడ్డవాడు కాదు. టైపు చెయ్యలేని టైపిస్టుని ఎవరు ఉంచుకుంటారు? ఇఖామా క్యాన్సిల్ చేయించి టికెట్ అతనే తీశాడు. మామా ఆమెకి పాస్‌పోర్టు ఇచ్చి, త్వరగా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పింది.

ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో సారు హుషారుగా ఉన్నారు. చుట్టూ సూట్‌కేసులు, అనౌన్స్‌మెంట్లు. మొదటిసారి ఆయన వాక్యాలు ఉన్న చోటికి సరిపోయాయి. కౌంటర్ అమ్మాయితో "ఉన్ బిల్యేత్తో, పెర్ ఫవోరె" అన్నారు. ఒక టికెట్ ఇవ్వండి, దయచేసి. ఎక్కడికి పోతున్నామనుకున్నారో.

పల్లెలో ఏం జరిగిందో నాకు ఫోన్లలోనే తెలుసు. మొదట్లో ఊరంతా వచ్చి చూశారు. పిలకాయలు గోడ మీద కూర్చుని ఆయన మాటల్ని అనుకరించేవాళ్లు. పరాయి దేశంలో ఏదో సోకిందని ఒకాయన వచ్చి తాయెత్తు కట్టాడు. చిన్నాయన కొడుకు ఒకడు వీడియో తీసి పెడితే ఆమె చెప్పు తీసుకుని వెంటబడిందట. కొత్త మాట ఏదైనా ఆయన నోట వస్తే నాకు ఫోన్ చేసి, ఫోను ఆయన ముఖం దగ్గర పెట్టేది. నేను విని చెప్పేదాన్ని. ఈరోజు తారీఖు అడుగుతున్నారు. ఈ సీటు ఖాళీగా ఉందా అంటున్నారు. కిటికీ మూసెయ్యమంటున్నారు. "కిటికీనా? యా కిటికీ? ఉండు" అని లేచి నిజంగానే కిటికీ మూసిన చప్పుడు వినపడేది. ఒక్కోసారి అది సరైన మాటే అయ్యేది. అలా అయినరోజు ఆమె గొంతు వేరేగా ఉండేది.

తెలుగు తిరిగి రాలేదు. ఆయన మందులు, పక్కన చూసుకునే మనిషి, ఇల్లు, అన్నీ ఆమె కువైట్ జీతం మీదే నడవాలి. "ఇద్దరమూ ఊర్లోనే కూర్చుంటే ఎవురు తెచ్చి పెడతారు పాపా?" అంది. మరిది పెళ్లాన్ని కూర్చోబెట్టి ఆక్వా అంటే ఏంటో, ఫామె అంటే ఏంటో చెప్పి, ఇఖామా గడువు దాటకముందే తిరిగి ముబారక్ అల్ కబీర్‌కి వచ్చేసింది.

ఆమె వచ్చేశాక ఆయన మాటలు తగ్గిపోయాయి. నేను వీడియో కాల్ చేసి గుమాస్తా ఆట ఆడటానికి ప్రయత్నించాను. దొమానీ అన్నాను. ఆయన ఫోను వెనక గోడనో దేన్నో చూస్తూ ఉన్నారు. ఆ పిల్ల, మరిది పెళ్లాం, "మాటాడ్డంల్యా అక్కా, తింటాండాడు, పండుకుంటాండాడు, అంతే" అనేది. అలాగే కొన్ని నెలలు గడిచి, ఈ ఎండాకాలం మొదట్లో పోయారు. ఆమెకి పోవడానికి వీలు కాలేదు. మామా ఇంట్లో పెళ్లి, చుట్టాలు.

ఆ పెళ్లి సందడి తగ్గాక ఒక శుక్రవారం ఆమె అబ్బాసియాలో మా ఫ్లాట్‌కి వచ్చింది. అమ్మ ఇద్దరికీ టీ పోసి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆమె ఏడవలేదు. ఊళ్లో కర్మలు ఎలా జరిగాయో, మరిది ఎవరెవరిని పిలిచాడో, అవన్నీ చెప్పింది. చివరికి కప్పు కింద పెట్టి అసలు సంగతికి వచ్చింది.

"పొయ్యేదానికి ముందురోజు నాతో మాట్లాడినాడు పాపా. ఎన్నో నెలల తర్వాత. నేను మామా వంటింట్లో ఉండి ఫోన్ చేస్తి. వాళ్లు ఆయప్పకి ఫోన్ చూపిచ్చినారు. నన్ను బాగా చూసినాడు. చూసి ఒక మాట అన్న్యాడు. రెండుసార్లు అన్న్యాడు."

"ఏమన్నారక్కా?"

"నాకు సామీ అన్నెట్ల ఇనపడింది. 'నోల... సామి' అని. తెలుగు వచ్చిందేమో, దేవుణ్ని తలుచుకుంటాండాడేమో అనుకుంటి. ఊర్లో వాళ్లూ అదే అన్న్యారు, చివర్లో దేవుని మాట వచ్చిందని. నాకెందుకో నమ్మకం కుదరడంల్యా. నువ్వు చెప్పు."

"మళ్లీ ఒకసారి అనండక్కా. ఆయన ఎలా అన్నారో అలాగే."

ఆమె కళ్లు మూసుకుని అంది. "నోలస్సామి."

ఆ సాగదీత, ఆ చివరి విరుపు విన్నాక నాకు తెలిసిపోయింది. నోన్ లషార్మి. అది మా పాఠాల్లో ఎక్కడా లేదు. ఆయన మాకు ఎప్పుడూ నేర్పలేదు.

దేవుని మాటే అయి ఉంటుందక్కా అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నా ముఖమే చూస్తోంది.

"నీకు తెల్సింది. చెప్పు పాపా."

"నన్ను వదిలిపోవద్దు అన్నారు."

ఆమె కప్పు పక్కకి జరిపింది. కింద రోడ్డు మీద ఎవరో బియ్యం బస్తాలు దించుతున్నారు, ఆ కేకలు వినపడుతున్నాయి. అప్పుడు అంది. "దానికి నేనేమన్న్యానో అడుగు."

"ఏమన్నారక్కా?"

"శుక్రవారాలు నేను బయట కూర్చుంటాంటి గదా. లోపల పిలకాయలు ఎవురన్నా బాగా మాట్లాడితే ఆయప్ప 'బ్రావో' అంటాన్యాడు. ఆ మాటొకటి నాకు ఎవురూ నేర్పిచ్చకుండానే వచ్చు. ఆ పొద్దు, ఇన్ని దినాలకు నోట్లో నుంచి మాట వచ్చింది గదా అని నాకు ఒకటే సంతోషం. మొదటిసారి అంటే 'బ్రావో' అంటి. మల్లా అన్న్యాడు. మల్లా 'బ్రావో' అంటి. మామా పిలుస్తాంది, పోతాండా, నవ్వుతా ఉండు అని చెప్పి, ఫోను నేనే పెట్టేస్తి పాపా."